ఎథిక్స్ పేపర్లో లాజిక్ ఎక్కడ వాడాలి? ప్రతి ‘కాబట్టి’ దగ్గరా

అమ్మా, నువ్వు అడిగింది క్లుప్తంగా ఇది. బీఏ రెండో ఏడాది, ఫిలాసఫీ మెయిన్. లాజిక్ ఇంటర్నల్లో 25కి 22 వచ్చాయి, ఎథిక్స్‌లో 11. దయామరణం మీద రాసిన వ్యాసం పక్కన మీ మేడమ్ "ఇది అభిప్రాయం, వాదన కాదు" అని రాశారు. ట్రూత్ టేబుల్స్ (వాక్యాలు ఎప్పుడు నిజమో ఎప్పుడు అబద్ధమో చూపే పట్టికలు) అన్నీ వచ్చు, కానీ వాటిని నీతి ప్రశ్నల్లో ఎక్కడ వాడాలో తెలియడం లేదు, సెమిస్టర్ పరీక్ష తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది అన్నావు. వ్యాసంలోంచి మూడు వాక్యాలు కూడా పెట్టావు, చాలా మంచి పని చేశావు. అవి లేకపోతే నేను "బాగా ఆలోచించి రాయి" లాంటి, ఎవరికీ పనికిరాని సలహా ఇచ్చేవాణ్ణి.

ఆ మూడు వాక్యాలు ఇవి: "ప్రాణం పవిత్రమైనది. కాబట్టి దయామరణం తప్పు. మన దేశ చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు కాబట్టి ఇది అనైతికం."

నేను డిగ్రీ కాలేజీల్లో ఇరవై ఆరేళ్ళు ఈ రెండు పేపర్లూ చెప్పాను. అంతకుముందు నేను చదువుకునే రోజుల్లో మా మాస్టారు ఒకాయన మా వ్యాసాలు దిద్దేటప్పుడు తప్పొప్పులు ఏవీ రాసేవారు కాదు, ఎక్కడెక్కడ ‘కాబట్టి’ కనబడితే అక్కడల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి కాగితం వెనక్కి ఇచ్చేవారు. మొదటిసారి నా కాగితం మీద తొమ్మిది సున్నాలు వచ్చాయి. ఆయన దగ్గరికి వెళ్ళి అడిగితే "ముందున్న మాట నుంచి వెనకున్న మాటకు ఎలా వచ్చావో ప్రతి సున్నా దగ్గరా ఒక వాక్యం రాసి తీసుకురా" అన్నారు. రాయడానికి రెండు రాత్రులు పట్టింది. నాలుగు చోట్ల రాయలేకపోయాను, ఎందుకంటే అక్కడ దారే లేదు, నేను దూకేశాను. నీ లాజిక్ పేపరు ఎథిక్స్‌లో పనికొచ్చేది సరిగ్గా ఆ సున్నాల దగ్గర. ఇంకెక్కడో వెతకకు.

నీ మొదటి ‘కాబట్టి’ చూద్దాం. "ప్రాణం పవిత్రమైనది" ఒక వాక్యం, "దయామరణం తప్పు" ఇంకో వాక్యం. లాజిక్ క్లాసులో p అనే ఒక వాక్యం ఇచ్చి నేరుగా q అనే ఇంకో వాక్యం రాస్తే నువ్వే ఒప్పుకోవు కదా, p అయితే q అనే వాక్యం ఎక్కడ అని అడుగుతావు. ఇక్కడ అదే లేదు. లేని ఆ వాక్యాన్ని బయటికి తీసి కాగితం మీద పెట్టు: "పవిత్రమైనదాన్ని మనిషి ఏ పరిస్థితిలోనూ తన చేతులతో ముగించకూడదు." ఇప్పుడు వాదన చెల్లుతుంది, అంటే ముందు వాక్యాలు ఒప్పుకుంటే ముగింపూ ఒప్పుకోక తప్పదు. కానీ చెల్లిన క్షణం నుంచే అసలు పని మొదలవుతుంది, ఎందుకంటే ఆ "ఏ పరిస్థితిలోనూ" అన్న మాట చాలా బరువైనది. ఆత్మరక్షణలో చంపినవాడి సంగతేమిటి? నయం కాని జబ్బు చివరి దశలో ఉన్న తాతగారు "ఇక ఆ గొట్టాలు వద్దు, ఇంటికి తీసుకుపోండి" అంటే ఇంటికి తీసుకొచ్చిన కుటుంబం తప్పు చేసినట్టా? అది తప్పు కాదని నీకు అనిపిస్తే నీ వాక్యాన్ని తగ్గించి రాయాలి. తప్పే అనిపిస్తే ఎందుకో చెప్పాలి. రెండిట్లో ఏది చేసినా నీకు వ్యాసం దొరికింది. నీ వ్యాసం ఆ వాక్యాన్ని దాచిపెట్టింది, అందుకే మీ మేడమ్‌కు వాదన కనబడలేదు.

"పవిత్రం" అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. ఇతరులు నా ప్రాణం తీయకూడదు అనేది ఒక అర్థం. నా ప్రాణాన్ని నేను కూడా వదులుకోకూడదు అనేది ఇంకో అర్థం. మొదటి అర్థంలో ఒప్పించి రెండో అర్థంలో ముగింపు తీసుకుంటే అది పదంతో చేసిన మోసం అవుతుంది, తెలియకుండా చేసినా సరే.

ఇక రెండో ‘కాబట్టి’. ఇందులో రెండు తప్పులున్నాయి, వాటిని వేరువేరుగా చూడాలి. ఒకటి సమాచారం తప్పు. 2011లో, దశాబ్దాలుగా స్పృహ లేకుండా ఆస్పత్రి మంచం మీదే ఉన్న ముంబయి నర్సు అరుణా శానబాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో, ప్రాణాన్ని నిలబెట్టే చికిత్సను ఆపవచ్చని చెప్పింది, ఆమె విషయంలో మాత్రం అనుమతి ఇవ్వలేదు. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, గౌరవంగా చనిపోయే హక్కు, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పి, తనకు ఏ చికిత్స వద్దో ముందస్తుగా రాసిపెట్టుకునే లివింగ్ విల్‌ను గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని కొంచెం సులభం చేసింది. మందు ఎక్కించి ప్రాణం తీయడం మాత్రం ఇప్పటికీ నేరమే. అంటే "చట్టం ఒప్పుకోదు" అన్న నీ వాక్యం సగం నిజం, అందులో ఏ సగమో నువ్వు చెప్పలేదు. నీతి వ్యాసంలో వాస్తవాలు తప్పితే ఎంత మంచి తర్కమైనా నిలబడదు. చెల్లే వాదన వేరు, చెల్లుతూ పైగా ఆధారవాక్యాలన్నీ నిజమైన వాదన వేరు అని లాజిక్ మొదటి వారంలో చెప్పి ఉంటారు, దాని అసలు ఉపయోగం ఇక్కడే.

రెండో తప్పు ఇంకా లోతైనది. చట్టం ఎలా ఉందో చెప్పి, ఏం చేయాలో తేల్చేశావు. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో అచ్చయిన తన గ్రంథం (మానవ స్వభావం మీద రాసినది) మూడో భాగంలో పట్టుకున్నది ఈ దూకుడునే: రచయితలు "ఉంది, లేదు" అంటూ చెప్పుకుంటూ పోయి, ఉన్నట్టుండి "ఉండాలి, ఉండకూడదు" అంటారు, ఆ మార్పు ఎలా వచ్చిందో మాత్రం చెప్పరు అని. మన దగ్గరి ఉదాహరణతో చూడు. బెంగాల్లో 1829 డిసెంబరు దాకా సతీసహగమనాన్ని నిషేధించే చట్టం లేదు, అంతమాత్రాన 1828లో అది మంచిపని అయిపోలేదు. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది, అయినా వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్ళి చేయించేటప్పటికి 1881 డిసెంబరు వచ్చింది. ఆ పాతికేళ్ళూ చట్టం ఒకటి చెప్పింది, ఆచారం ఇంకోటి చెప్పింది, ఏది న్యాయం అన్న ప్రశ్న ఆ రెండిటికీ బయట నిలబడి ఉంది. మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే ఆ రోజుల్లో ఆయన చేసిన పోరాటం నీకు అర్థమే కాదు. అలాగని చట్టాన్ని వ్యాసంలోకి తీసుకురాకూడదని కాదు. తీసుకొస్తే దాని వెనక ఉన్న కారణాన్ని తీసుకురా, తీర్పును కాదు.

ఒక చిన్న విషయం, కానీ ప్రతి ఏడాదీ పిల్లలు ఇక్కడే జారిపడతారు. చేయాలి, చేయవచ్చు, చేయకూడదు, చేయనక్కర్లేదు. ఈ నాలుగూ నీతిశాస్త్రానికి కీలకమైన మాటలు, మామూలు p, q గుర్తుల్లో ఇవి ఇమడవు, అందుకే ఫిన్లాండ్ తత్వవేత్త ఫాన్ రైట్ 1951లో వీటి కోసం విడిగా ఒక తర్కం కట్టాడు. నీకు ఆ గుర్తులు అక్కర్లేదు. "చేయనక్కర్లేదు" నుంచి "చేయకూడదు" రాదని గుర్తుంటే చాలు. డాక్టరు వెంటిలేటర్ కొనసాగించనక్కర్లేదు అని నిరూపించావంటే, కొనసాగించకూడదని నిరూపించినట్టు కాదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈ తేడా చేజారిపోవడం నేను వందల పేపర్లలో చూశాను. తెలుగులో రెండు మాటలూ ఎంత దూరంగా వినిపిస్తాయో చూడు. అందుకే పరీక్ష ఇంగ్లీషులో రాసినా, వాదన అస్థిపంజరం మాత్రం ముందు తెలుగులో రాసుకోమంటాను.

ఇప్పుడు నీ వ్యాసానికి బాగా పనికొచ్చే చోటికి వద్దాం. చికిత్స ఆపడం వేరు, ప్రాణం తీయడం వేరు అని మన చట్టం గీసిన గీత నీతిపరంగా నిలబడుతుందా? 1975లో జేమ్స్ రేచల్స్ అనే అమెరికన్ తత్వవేత్త ఒక వైద్య పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో రెండు కథలు చెప్పాడు. ఆరేళ్ళ పిల్లాడు చనిపోతే ఆస్తి తనకు వస్తుందని ఒకడు స్నానాల తొట్టిలో ఆ పిల్లాణ్ణి ముంచి చంపుతాడు. రెండోవాడు కూడా అదే ఉద్దేశంతో వెళ్తాడు, కానీ పిల్లాడే జారి తలకు దెబ్బ తగిలి నీళ్ళలో మునుగుతాడు, వీడు పక్కన నిలబడి చూస్తూ ఊరుకుంటాడు. మొదటివాడు చంపాడు, రెండోవాడు చావనిచ్చాడు. రెండోవాడు కాస్త మంచివాడని ఎవరైనా అంటారా? అనరు. కాబట్టి చంపడానికీ చావనివ్వడానికీ దానంతట దానిగా నైతికమైన తేడా లేదు అంటాడు రేచల్స్.

ఇక్కడ పద్ధతి చూడు. ఉద్దేశం, లాభం, ఫలితం అన్నీ ఒకేలా ఉంచి ఒక్కటే మార్చాడు. సైన్స్ ల్యాబులో చేసే పనే ఇది. కానీ ఆ ‘కాబట్టి’ చుట్టూ కూడా సున్నా చుట్టాలి, రచయిత పెద్దవాడైనా సరే. "చంపడం ఎప్పుడూ చావనివ్వడం కంటే ఘోరం" అన్న వాక్యాన్ని కొట్టేయడానికి ఈ ఒక్క జంట కథలు చాలు, సార్వత్రిక వాక్యాన్ని ఒక్క వ్యతిరేక ఉదాహరణ పడగొడుతుందని నీకు తెలుసు. "ఎప్పుడూ తేడా ఉండదు" అని చెప్పడానికి మాత్రం ఈ ఒక్క జంట చాలదు, అది మరో సార్వత్రిక వాక్యం. ఈ కథల్లో ఇద్దరూ ఎంత దుర్మార్గులంటే, ఉన్న చిన్న తేడా ఆ దుర్మార్గం కింద కప్పబడిపోయి ఉండొచ్చు, ఉప్పు ఎక్కువైన కూరలో పులుపు తెలియనట్టు. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను ఒక పేరాలో చూపించావంటే, "రేచల్స్ ఇలా అన్నాడు, కొందరు ఇలా అన్నారు" అని మూడు పేజీలు నింపిన పేపరు కంటే నీది బరువుగా ఉంటుంది. నేనైతే ఎక్కువ మార్కులు దానికే వేసేవాణ్ణి.

మన ఊళ్ళో జరిగిన సంగతి కూడా ఒకటుంది. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లో కండరాలు క్షీణించే జబ్బుతో ఆస్పత్రిలో ఉన్న ఒక యువ చెస్ ఆటగాడు, తన అవయవాలు పాడవకముందే వాటిని దానం చేసి పోవాలని కోరుకున్నాడు, తల్లి ఆ కోరికతో హైకోర్టుకు వెళ్ళింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం గుండె లాంటి అవయవాలు తీయాలంటే బ్రెయిన్ డెత్ అయి ఉండాలి, అతను అలా లేడు, కోర్టు ఒప్పుకోలేదు. ఆ నెలలోనే అతను చనిపోయాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ తల్లి అడిగిన ప్రశ్న క్లాసులో చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగా ఉండేది కాదు.

ఈ కేసు మీద పిల్లలు రాసేది దాదాపు ఒకటే: "అతని కోరిక గొప్పది, దానివల్ల ఎంతోమంది బతుకుతారు, కాబట్టి అనుమతించాల్సింది." ఆ కన్నీళ్ళు నిజమైనవే, వాటిని వదిలేయమని నేను చెప్పను. వాటిని వాదనలో పెట్టాలంటే ఇలా విడదీయి. సొంత శరీరం మీద తెలివిలో ఉన్న పెద్దమనిషి తీసుకున్న నిర్ణయాన్ని గౌరవించాలి. అతను తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా నిర్ణయించుకున్నాడు. కాబట్టి ఆ నిర్ణయాన్ని గౌరవించాలి. ఇక్కడిదాకా దారి ఉంది. కానీ "గౌరవించాలి" నుంచి "డాక్టరు ఆ పని చేసిపెట్టాలి" దాకా దారి లేదు. నా నిర్ణయానికి నువ్వు అడ్డుపడకూడదు అనడం వేరు, దాన్ని నీ చేత్తో నెరవేర్చు అనడం వేరు. మధ్యలో డాక్టరు బాధ్యత గురించి ఒక వాక్యం కావాలి. ఇంకో చోట కూడా ఆగాలి. ప్రాణం ఉన్నవాళ్ళ నుంచి అవయవాలు తీయడానికి ఒక్క మంచి మనిషి కోసం తలుపు తెరిస్తే, ఆ తలుపులోంచి అప్పులపాలైనవాళ్ళనీ, ఇంట్లోవాళ్ళకు భారమయ్యామని కుమిలిపోయే ముసలివాళ్ళనీ నెట్టరా అన్నది ఎదుటివాళ్ళ బలమైన వాదన. దాన్ని "స్లిప్పరీ స్లోప్ ఫాలసీ" (ఒక మెట్టు దిగితే అడుగుదాకా జారిపోతామనే దోషం) అని రెండు మాటల్లో కొట్టేసి ముందుకు పోకు. మెట్టుకూ మెట్టుకూ మధ్య కారణం చూపించకపోతేనే అది దోషం. చూపిస్తే అది మామూలు వాదన, దానికి జవాబు చెప్పాల్సిందే. దోషాల పేర్లు బట్టీపట్టి ఎదుటివాడి మీద ముద్రలు వేయడం ఈ మధ్య బాగా ఎక్కువైంది, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తెలుగులో "వితండవాదం" అంటాం కదా, ఆ మాట న్యాయదర్శనం నుంచి, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రం నుంచి వచ్చింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఒక పక్షం పెట్టుకోకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండ. నీ వ్యాసం వాదం కావాలి. దానికి కొలత ఒక్కటే: ఎదుటి పక్షాన్ని నువ్వు రాసిన తీరు చూసి ఆ పక్షంవాడు "అవును, నేనన్నది ఇదే, నాకంటే బాగా చెప్పావు" అనాలి. మన వేదాంత గ్రంథాల్లో ఒక్కో చర్చనూ విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అని నడుపుతారు. పూర్వపక్షం అంటే ఎదుటివాళ్ళ వాదన, సిద్ధాంతం అంటే మనం తేల్చేది. పూర్వపక్షం సిద్ధాంతానికి ముందు వస్తుంది, చూశావా, చివర్లో మర్యాదకోసం అతికించే రెండు లైన్లుగా కాదు. నీ వ్యాసానికి కూడా ఇదే నడక పెట్టుకో. వితంతు వివాహం గురించి ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిలోంచే ప్రమాణం చూపించాడు. ఎదుటివాళ్ళు ఒప్పుకునే ఆధారవాక్యం నుంచి వాళ్ళు ఒప్పుకోని ముగింపుకు తీసుకెళ్ళడం కంటే బలమైన వాదన లేదు.

లాజిక్‌లోని ఇంకో దోషం ఎథిక్స్ సిలబస్‌లో ఎక్కడ కూర్చుందో చెప్తాను. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పాఠ్యగ్రంథం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. కాశీ వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు అని సంస్కృతంలో నానుడే ఉంది. ఆ సంప్రదాయంలో చెప్పే ఉదాహరణ: పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, కానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనపగుండు చూడు. నిప్పుతో పాటు పచ్చికట్టె కూడా ఉంటేనే పొగ వస్తుంది. దీన్నే మీరు p అయితే q, q ఉంది, కాబట్టి p అనే తప్పుగా చదువుకున్నారు. ఇప్పుడు "మనిషి చేసే ప్రతి పనీ స్వార్థమే" అన్న సిద్ధాంతం తీసుకో. స్వార్థంతో చేసిన పనిలో తృప్తి ఉంటుంది, దానం చేసినవాడికీ తృప్తి కలిగింది, కాబట్టి దానం కూడా స్వార్థమే. అదే ఇనపగుండు! తృప్తి పని తర్వాత వచ్చింది, దానికోసమే పని చేశాడని ఎక్కడ నిరూపించారు? అసలు ఎదుటివాడి మంచి ముందే కోరుకోకపోతే, అది జరిగినప్పుడు తృప్తి ఎందుకు కలుగుతుంది? ఈ నాలుగు వాక్యాలు రాయగలిగితే ఆ ప్రశ్నకు సగం జవాబు అయిపోయింది.

కర్తవ్యమే నీతికి మూలమన్న జర్మన్ తత్వవేత్త కాంట్, ఎక్కువ సుఖాన్నిచ్చేదే మంచి అన్న ఇంగ్లీషు తత్వవేత్త మిల్ గురించి త్వరగా చెప్పేస్తాను, ఇవి ఏ గైడులోనైనా ఉంటాయి కానీ తప్పుగా ఉంటాయి. "అందరూ అబద్ధమాడితే సమాజం చెడిపోతుంది కాబట్టి కాంట్ వద్దన్నాడు" అని రాయకు, చెడిపోతుంది అనేది ఫలితం లెక్క, అది కాంట్‌ది కాదు. తీర్చే ఉద్దేశం లేకుండా అప్పు తీరుస్తానని మాటిచ్చే పద్ధతి అందరికీ నియమమైతే, మాట ఇవ్వడం అనే పనికే అర్థం ఉండదు, ఆ నియమం తన్ను తానే కొట్టేసుకుంటుంది, అదీ ఆయన చెప్పింది. మిల్‌ది మెజారిటీ ఓటు కాదు. తొంభైమందికి కలిగే చిన్న సరదా కంటే పదిమంది పడే నరకం బరువెక్కువ కావచ్చు. గీతలోని నిష్కామకర్మ, కాంట్ చెప్పిన కర్తవ్యం ఒకటే అని రాసినవాళ్ళు కూడా చాలామంది. ఫలాన్ని పక్కన పెట్టడం దాకా పోలిక ఉంది. కానీ గీతలో అర్జునుడి కర్తవ్యం క్షత్రియుడిగా అతని స్వధర్మం నుంచి వస్తుంది, కాంట్ దగ్గర తెలివి ఉన్న ప్రతి జీవికీ ఒకేలా వర్తించే నియమం నుంచి వస్తుంది. పోల్చమన్న ప్రశ్నకు ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

"ఎవరి నీతి వాళ్ళది" అని మాత్రం ముగించకు, దయచేసి. మనుషుల అభిప్రాయాలు వేరు కాబట్టి సరైన జవాబే లేదు అనే ఆ ‘కాబట్టి’ కూడా దూకుడే. భూమి ఆకారం మీదా ఒకప్పుడు అభిప్రాయభేదం ఉండేది.

పరీక్షలో ఒక వ్యాసానికి నలభై నిమిషాలు ఉంటే మొదటి ఎనిమిది నిమిషాలు చివరి పేజీలో రఫ్‌కి పెట్టు. ముగింపు ఒక్క వాక్యం రాసుకో, దాని పైన కారణాలు, మధ్యలో దాక్కున్న వాక్యం, దాన్ని పడగొట్టగల ఒక్క ఉదాహరణ. ఆ ఉదాహరణకు నీ దగ్గర జవాబు లేకపోతే ముగింపును తగ్గించుకో. "దయామరణం తప్పు" అని కాకుండా "రోగి స్పష్టంగా కోరని చోట చికిత్స ఆపడం తప్పు" అని చిన్న ముగింపును గట్టిగా నిలబెట్టడం మేలు. ట్రూత్ టేబుల్ ఎథిక్స్ పేపర్లో గీయాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనబడలేదు, దాన్ని గీసిన అలవాటు మాత్రం ప్రతి లైనులో కనబడాలి.

నీ మూడు వాక్యాలను నేను తిరగరాసి ఇవ్వను, అది నీ వ్యాసం. మొదలు మాత్రం ఇక్కడ పెట్టు: "ప్రాణం పవిత్రమైనది అంటే ఇతరులు దాన్ని తీయకూడదని నా ఉద్దేశం. దాని యజమాని కూడా వదులుకోకూడదా అన్నది వేరే ప్రశ్న, దానికి కారణం విడిగా చెప్పాలి." ఆ కారణం ఏమిటో రెండు రోజులు ఆలోచించి, ప్రతి ‘కాబట్టి’ చుట్టూ నువ్వే సున్నా చుట్టి, ఆ కాగితం మీ మేడమ్‌కు చూపించు. మార్కులు ఎందుకు తగ్గించారని అడక్కు, "ఏ సున్నా దగ్గర దారి తెగింది?" అని అడుగు.